ఎముక, కండ, కొవ్వుల్లో పుట్టే క్యాన్సర్లు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

సార్కోమా అంటే ఏమిటి? మనం వినే మామూలు క్యాన్సర్లకూ దీనికీ తేడా ఏమిటి?

రొమ్ము, పెద్దపేగు, గర్భాశయ ముఖద్వారం, నోరు వంటి చోట్ల వచ్చే క్యాన్సర్లు ఎక్కువగా అవయవాల పైపొరల్లోనో గ్రంథుల్లోనో మొదలవుతాయి. వాటిని కార్సినోమాలు అంటారు. అడ్డపొగ (చుట్ట నిప్పు ఉన్న కొనను నోట్లో పెట్టుకుని) తాగేవారికి అంగిట్లో వచ్చే క్యాన్సర్ ఉత్తరాంధ్రలో చాలామందికి తెలుసు. అదీ ఈ కోవలోదే.

శరీరాన్ని నిలబెట్టి, కలిపి ఉంచే భాగాలు వేరు. ఎముక, మృదులాస్థి, కండరం, కొవ్వు, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధనం, రక్తనాళాల గోడలు, నరాల మీది తొడుగు, ఇవన్నీ ఆ కుటుంబం. బడిలో సంయోజక కణజాలం అని చదువుకున్నది ఇందులో పెద్ద భాగం. ఈ కుటుంబంలో పుట్టే క్యాన్సర్‌ను సార్కోమా అంటారు. ఒంట్లో ఎక్కడైనా రావచ్చు. మెత్తని భాగాల్లో వచ్చేవి అన్నిటికంటే ఎక్కువగా తొడలో కనిపిస్తాయి.

ఇది ఎంతమందికి వస్తుంది?

చాలా తక్కువ మందికి. పెద్దవారి క్యాన్సర్లలో ఇది సుమారు 1 శాతం. పిల్లల్లో, టీనేజీ వారిలో వచ్చే క్యాన్సర్లలో మాత్రం వాటా 10 శాతానికి పైనే. ఈ అరుదుతనమే అసలు చిక్కు. ఊళ్లో ప్రాక్టీసు చేసే డాక్టరుకు వృత్తిజీవితం మొత్తంలో ఒకటో రెండో కేసులు ఎదురు కావచ్చు. అదే డాక్టరు ప్రమాదం లేని కొవ్వు గడ్డలను వారం వారం చూస్తూ ఉంటారు. అందుకే అనుమానం ఆలస్యంగా వస్తుంది. ఆయన్ను తప్పుపట్టి లాభం లేదు. పెద్ద ఆసుపత్రికి రాసిమ్మని రోగి తరఫువారే అడగడం మేలు.

ఎన్ని రకాలున్నాయి? అన్నీ తెలుసుకోవాలా?

70కి పైగా రకాలున్నాయి. అన్నీ అక్కర్లేదు, కొన్ని పేర్లు తెలిస్తే చాలు.

ఎముకలో వచ్చేవాటిలో ముఖ్యమైనవి మూడు. ఆస్టియోసార్కోమా ఎక్కువగా పిల్లలు పొడుగు పెరిగే వయసులో వస్తుంది. తొడ ఎముక కింది కొనలోగానీ, మోకాలి కింది ఎముక పై కొనలోగానీ, భుజం దగ్గరగానీ మొదలవుతుంది. యూయింగ్ సార్కోమా కూడా పిల్లల్లో, యువకుల్లోనే ఎక్కువ. కటి ఎముకలోనూ, పక్కటెముకల్లోనూ కూడా వస్తుంది. చాలా కేసుల్లో 11వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై అతుక్కోవడమే దీనికి మూలం. జ్వరం, వాపు, రక్తపరీక్షలో ఈఎస్ఆర్ (ఒంట్లో వాపు, చీము వంటివి ఉంటే పెరిగే అంకె) పెరగడం ఉంటాయి కాబట్టి దీన్ని ఎముకకు పట్టిన చీము అనో, ఎముక క్షయ అనో పొరబడే అవకాశం ఉంది. కాండ్రోసార్కోమా మృదులాస్థికి సంబంధించినది. నలభై దాటినవారిలో ఎక్కువ.

మెత్తని భాగాల్లో వచ్చేవాటిలో కొవ్వుకు సంబంధించిన లైపోసార్కోమా, నునుపు కండరానికి సంబంధించిన లియోమయోసార్కోమా, పడుచువారిలో కీళ్ల దగ్గర కనిపించే సైనోవియల్ సార్కోమా, చిన్నపిల్లల్లో వచ్చే రాబ్డోమయోసార్కోమా తరచుగా వినిపించే పేర్లు. పేరు తెలియడం ఎందుకంటే మందు దాన్నిబట్టే మారుతుంది. ఒకరికి పనిచేసిన కీమో పక్కింటివారికి పనికిరాకపోవచ్చు.

నా గడ్డ నొప్పి పెట్టదు. అయితే భయం లేనట్టేనా?

ఈ నమ్మకం వల్ల జరిగే నష్టం ఇంతా అంతా కాదు. మెత్తని భాగాల్లో పుట్టే సార్కోమా చాలాకాలం నొప్పి పెట్టదు. నొప్పి లేదు కదా అని సంక్రాంతి దాటాక చూద్దాం, కోతలయ్యాక చూద్దాం అంటూ వాయిదా వేస్తారు. నొప్పి లేకపోవడం మంచి గడ్డకు గుర్తు కాదు.

చూడవలసినవి వేరే ఉన్నాయి. గడ్డ 5 సెంటీమీటర్లు, అంటే రెండు అంగుళాలు దాటిందా? పెరుగుతోందా? చర్మం కింద అటూఇటూ జారకుండా లోతుగా, కండలో పాతుకున్నట్టు ఉందా? ఒకసారి తీయించాక అదే చోట మళ్లీ వచ్చిందా? వీటిలో ఒక్కదానికి అవును అని జవాబు వచ్చినా స్కానింగు చేయించాలి. గడ్డ పెరుగుతోందో లేదో చేతి అంచనా చెప్పదు. దర్జీ వాడే టేపుతో దాని పొడవు, వెడల్పు కొలిచి, గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ గడిలో రాసుకోండి. రెండు వారాల తర్వాత మళ్లీ కొలవండి. డాక్టరుకు ‘ఈమధ్య పెరిగినట్టుంది’ అని చెప్పడం కంటే ఆ అంకెలు చూపించడం బాగా పనిచేస్తుంది. అయితే ఇప్పటికే 5 సెంటీమీటర్లు దాటిన గడ్డను కొలుస్తూ కూర్చోవద్దు, వెంటనే చూపించండి.

చేత్తో కదిపితే జారే చిన్న మెత్తని గడ్డలు, ఏళ్ల తరబడి అంతే ఉన్నవి, చాలావరకు ప్రమాదం లేనివే. వాటి గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. మోకాలి నొప్పి అంటున్నాడు. పెరిగే వయసులో మామూలేనంటున్నారు. నిజమేనా?

చాలాసార్లు నిజమే. కానీ పెరిగే వయసు నొప్పులు సాధారణంగా రెండు కాళ్లకూ వస్తాయి. సాయంత్రం వచ్చి, తెల్లారేసరికి పోతాయి. వాపు ఉండదు. పిల్లవాడు మర్నాడు మామూలుగా ఆడుకుంటాడు. నొప్పి ఒకే మోకాలికి, ఒకే చోట ఉండి, వారాలు గడిచినా తగ్గకపోయినా, రాత్రి నిద్రలోంచి లేపినా, వాపు తేలినా, కుంటుతున్నా ఎక్స్‌రే తీయించాలి. తక్కువ ఖర్చుతో అయిపోయే పరీక్ష, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే జరుగుతుంది. ఆస్టియోసార్కోమాలో కొత్త ఎముక బయటికి సూర్యకిరణాల్లా చీలి కనిపించడం, ఎముక పైపొర లేచి త్రికోణంలా ఏర్పడటం ఎక్స్‌రేలో పట్టుబడే గుర్తులు. ఎక్స్‌రే మామూలుగా ఉన్నా నొప్పి అలాగే కొనసాగితే ఎమ్మారై అడగండి.

ఇంకొక మాట. నొప్పి ఎక్కడుందో పిల్లలు సరిగ్గా చెప్పలేరు. తుంటి దగ్గరి జబ్బు కూడా మోకాలి నొప్పిగా తెలియవచ్చు.

కబడ్డీలో దెబ్బ తగిలాక వాపు వచ్చింది. దెబ్బ వల్ల క్యాన్సర్ వస్తుందా?

రాదు. దెబ్బ సార్కోమాకు కారణమని తేలలేదు. అప్పటికే ఉన్నది దెబ్బ తగిలాక మన కంట పడుతుంది, అంతే. జబ్బు వల్ల బలహీనపడిన ఎముక చిన్న దెబ్బకే విరగడం కూడా ఉంది. మెట్టు దిగుతూ కాలు మెలికపడితే తొడ ఎముక విరిగిందంటే, ఆ విరుపు వెనక ఏముందో చూడకుండా కట్టు వేయించుకోకూడదు.

కట్టు వైద్యుడు నూనె రాసి, పసరు కట్టు వేస్తానన్నారు. వేయించమంటారా?

వద్దు. చేయి విరిగిందనో, బెణికిందనో కట్టు వైద్యుల దగ్గరికి వెళ్లే అలవాటు మన ఊళ్లలో తాతల నాటి నుంచి ఉంది. ఆ అలవాటు గురించి ఇక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. కానీ గడ్డ ఉన్న చోట గట్టిగా మర్దన చేస్తే బలహీన ఎముక విరగవచ్చు. విరిగితే క్యాన్సర్ కణాలు చుట్టూ ఉన్న రక్తంలో కలిసి, దక్కించుకోగలిగిన కాలును దక్కించుకోవడం కష్టమవుతుంది. వేడి కాపడం, వాతలు పెట్టడం వల్ల చర్మం పుండైతే ఆపరేషను వెనక్కి పోతుంది. అన్నిటికంటే పెద్ద నష్టం, ఆ కట్ల కింద గడిచిపోయే నెలలు.

సర్జను గారు చిన్న కోత పెట్టి తీసేస్తానన్నారు, అరగంట పని అన్నారు. చేయించుకోమంటారా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

జారే చిన్న కొవ్వు గడ్డ అయితే పర్వాలేదు. రెండు అంగుళాలు దాటినదైనా, లోతైనదైనా, పెరుగుతున్నదైనా స్కానింగు, ముక్క పరీక్ష (బయాప్సీ) కాకుండా కత్తి పెట్టనివ్వకండి. సార్కోమాను తీసే పద్ధతే వేరు. కొబ్బరికాయను పీచుతో సహా, లోపలి చిప్ప పగలకుండా, కనబడకుండా తీసినట్టు తీయాలి. అంటే గడ్డ చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన కండ కొంత దానితోపాటే రావాలి, గడ్డ బయటపడనే కూడదు. కొవ్వు గడ్డ అనుకుని చేసే ఆపరేషనులో సర్జను గడ్డ మీది పొర దాకా కోసి, దాన్ని ఒలిచి బయటికి లాగుతారు. సార్కోమాకు ఆ పొర నిజమైన గోడ కాదు. దాని అవతల కూడా కణాలు ఉంటాయి, అవి అక్కడే మిగిలిపోతాయి. చేసిన కోత, చీమూ నెత్తురూ బయటికి పోవడానికి పెట్టిన గొట్టం దారి, చుట్టూ పేరుకున్న రక్తం, ఇవన్నీ కలుషితమైనట్టే లెక్క. తర్వాత చేసే ఆపరేషను రెండింతలు పెద్దదవుతుంది.

ఇప్పటికే తీయించేశాం. రిపోర్టులో సార్కోమా అని వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

దారి మూసుకుపోలేదు. తీసిన గడ్డ తాలూకు గాజు స్లైడ్లతోపాటు మైనపు దిమ్మెలను, అంటే పారఫిన్ బ్లాకులను, ల్యాబు నుంచి అడిగి తీసుకోండి. అడిగితే ఇస్తారు. ఆపరేషనుకు ముందు తీసిన స్కానింగు, ఆపరేషను నోట్సు, డిశ్చార్జి కాగితం కూడా కావాలి. సార్కోమాలను తరచూ చూసే పాథాలజిస్టు వాటిని మళ్లీ పరిశీలిస్తారు. రెండోసారి చూస్తే రకం పేరే మారడం ఈ జబ్బులో అరుదేమీ కాదు. తర్వాత ఎమ్మారై తీసి, చాలామందికి ఆ చోటును మళ్లీ వెడల్పుగా తీస్తారు, అవసరమైతే రేడియేషన్ ఇస్తారు. గాయం మానాక చూద్దాంలే అని నెలలు ఆగకండి.

సూది పెడితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందంటారు కదా?

సరైన చోట, సరైన చేతులతో చేసిన ముక్క పరీక్ష వల్ల జబ్బు ఒళ్లంతా పాకదు. ఈ భయంతో బయాప్సీ మానుకున్నవారు కోల్పోయే సమయమే వారికి శత్రువు. కానీ ఈ భయంలో ఒక చిన్న నిజం దాగి ఉంది. సూది వెళ్లిన దారిలో కొన్ని కణాలు మిగలవచ్చు. అందుకే తర్వాత ఆపరేషను చేసే సర్జను ఏ గీత మీద కోయబోతారో సూది ఆ గీత మీదే గుచ్చాలి. అప్పుడు ఆ దారి మొత్తాన్ని గడ్డతోపాటు తీసేస్తారు. బయాప్సీని ఆపరేషను చేయబోయే బృందమే చేయాలని పట్టుబట్టేది ఇందుకే. సన్న సూదితో కణాలు లాగే ఎఫ్ఎన్ఏసీ చాలాసార్లు సరిపోదు. కాస్త లావు సూదితో సన్నని ముక్కలు తీసే ట్రూకట్ బయాప్సీ కావాలి.

ఏ పరీక్ష ముందు, ఏది తర్వాత?

ఎముకకైతే ఎక్స్‌రే, తర్వాత ఎమ్మారై. మెత్తని గడ్డకైతే అల్ట్రాసౌండు, అనుమానం ఉంటే ఎమ్మారై. ఆ తర్వాతే బయాప్సీ. ముందే సూది గుచ్చితే అక్కడ చేరిన రక్తం స్కానులో గడ్డ హద్దులను మసకబారుస్తుంది. సార్కోమా అని తేలాక ఛాతీకి సీటీ స్కాను తప్పనిసరి, ఎందుకంటే ఇది పాకితే ముందుగా వెళ్లేది ఎక్కువగా ఊపిరితిత్తులకే. రకాన్నిబట్టి ఎముకల స్కానో, పెట్ స్కానో అడుగుతారు.

గ్రేడు, స్టేజి ఒకటేనా?

కాదు. గ్రేడు అంటే కణాల స్వభావం ఎంత దూకుడుగా ఉందన్నది. సాధారణంగా 1 నుంచి 3 వరకు రాస్తారు. స్టేజి అంటే జబ్బు ఎంత పెద్దది, ఎంతవరకు వెళ్లింది అన్నది.

కాలు తీసేస్తారా?

అందరూ ముందుగా అడిగేది ఇదే, అడగలేక అడుగుతారు. నేడు సార్కోమా కేంద్రాల్లో ఎక్కువమందికి కాలో చెయ్యో నిలుస్తుంది. జబ్బు పట్టిన ఎముక ముక్కను తీసి, ఆ చోట లోహపు కృత్రిమ ఎముకను, కీలును అమరుస్తారు. కొన్ని చోట్ల అదే ఎముకను బయటికి తీసి, ఎక్కువ మోతాదులో రేడియేషన్ ఇచ్చి, కణాలను చంపి, తిరిగి అమర్చే పద్ధతీ ఉంది. మెత్తని భాగాల సార్కోమాకు ఆపరేషనుతోపాటు ఐదారు వారాల రేడియేషన్ ఇచ్చి కాలును నిలుపుతారు.

కానీ ప్రధాన రక్తనాళాలు, నరాలు గడ్డలో చిక్కుకుపోతే, చీము పడితే, ఎముక ఘోరంగా విరిగితే, తీసేయడమే ప్రాణానికి మంచిది కావచ్చు. ‘ప్రాణం పోయినా సరే, కాలు తీయనివ్వం’ అని కుటుంబం మొండికేయడం, రోగిని ఇంటికి తీసుకుపోవడం జరుగుతూ ఉంటుంది. ఆ నిర్ణయం పెద్దలు రోగి లేని గదిలో తీసుకోకూడదు. పదిహేనేళ్ల పిల్లకు తన కాలు గురించి వినే హక్కు ఉంది.

టెర్రీ ఫాక్స్ అనే కెనడా కుర్రవాడికి 1977లో ఆస్టియోసార్కోమా వల్ల మోకాలి పైదాకా కాలు తీసేశారు. 1980లో కృత్రిమ కాలుతో, క్యాన్సర్ పరిశోధనకు చందాల కోసం, 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. అతన్ని ఆపింది కృత్రిమ కాలు కాదు, ఊపిరితిత్తులకు చేరిన జబ్బు. 1981లో చనిపోయాడు. కాలు నిలవడం ముఖ్యమే. ఊపిరితిత్తులను కాపాడటానికి ఇచ్చే కీమోను మధ్యలో మానకపోవడం అంతకంటే ముఖ్యం.

కీమో ఎంతకాలం? ఉద్దానం ప్రాంతం వారికి ప్రత్యేక జాగ్రత్త ఏమైనా ఉందా?

ఆస్టియోసార్కోమాకు ఆపరేషనుకు ముందు కొన్ని విడతలు, తర్వాత కొన్ని, మొత్తం ఆరు నుంచి తొమ్మిది నెలలు. యూయింగ్‌కు దాదాపు ఏడాది. కాండ్రోసార్కోమాకు సాధారణంగా కీమో పనిచేయదు, ఆపరేషనే దిక్కు.

ఉద్దానం మాట తప్పక చెప్పుకోవాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎంత పాతుకుపోయిందో చెప్పనక్కర్లేదు. సార్కోమాకు వాడే సిస్‌ప్లాటిన్, ఐఫోస్ఫమైడ్, మెథోట్రెక్సేట్ మూడూ మూత్రపిండాల మీద భారం వేసేవే. ఆ ప్రాంతం వారు, లక్షణాలేమీ లేకపోయినా, మొదటి రోజే ‘మాది ఉద్దానం, ఇంట్లో ఫలానావారికి డయాలసిస్ జరుగుతోంది’ అని డాక్టరుకు చెప్పాలి. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూసి మందునో మోతాదునో మారుస్తారు. స్కానింగులో ఎక్కించే మందు విషయంలోనూ జాగ్రత్తపడతారు. గడ్డ నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్ మాత్రలు కొని నెలల తరబడి మింగడం ఎవరికీ మంచిది కాదు, ఉద్దానం వారికి మరీను.

డాక్సోరుబిసిన్ ఎక్కించాక మూత్రం ఎర్రగా వస్తుంది. అది మందు రంగు, నెత్తురు కాదు. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఈ మందుకు ముందు గుండెకు ఎకో పరీక్ష చేస్తారు. ఇంటికి వచ్చాక జ్వరం 100.4 డిగ్రీలు తాకితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి బయలుదేరాలి. తెల్లకణాలు తగ్గినప్పటి జ్వరం గంటల్లో ముదురుతుంది. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకూడదు. పెళ్లి కాని అబ్బాయిలు కీమో మొదలవకముందే వీర్యాన్ని భద్రపరచుకునే వీలు గురించి అడగాలి. అమ్మాయిలకూ మార్గాలున్నాయి. సిగ్గుపడి ఊరుకుంటే తర్వాత దారి ఉండకపోవచ్చు.

మా అమ్మకు ఏళ్ల తరబడి బోదకాలు ఉంది. అది క్యాన్సర్‌గా మారుతుందా?

దాదాపు అందరికీ మారదు. కాకపోతే ఏళ్ల తరబడి వాచిన కాలిలో, చేతిలో ఆంజియోసార్కోమా అనే రక్తనాళాల క్యాన్సర్ చాలా అరుదుగా వస్తుంది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషను తర్వాత వాచిన చేతిలో కూడా ఇది చూశారు. కాలు కడిగి తుడిచేటప్పుడు చర్మం మీద దెబ్బ తగలకుండానే ఊదారంగు మచ్చలు, కమిలినట్టున్న బుడిపెలు, మానని పుండు కనబడితే చూపించండి.

కడుపులో వచ్చే జిస్ట్ కూడా ఇదేనా?

అవును, జీర్ణకోశం గోడలో పుట్టే సార్కోమా అది. దీనికి ఇమాటినిబ్ అనే మాత్ర ఉండటం అదృష్టం. తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ ఉన్నవారికి ఆపరేషను తర్వాత మూడేళ్లు ఇస్తారు. ఒంట్లో బాగుందని మధ్యలో ఆపకూడదు.

అంటుకుంటుందా? వంశపారంపర్యమా?

అంటుకోదు. కంచం, పడక వేరు చేయనక్కర్లేదు. ఎక్కువ కేసులు వంశంతో సంబంధం లేకుండానే వస్తాయి. టీపీ53 జన్యువులో లోపం ఉన్న కుటుంబాల్లో, చిన్నతనంలో కంటి క్యాన్సర్ వచ్చి నయమైనవారిలో ప్రమాదం ఎక్కువ. ఒంటి నిండా మెత్తని బుడిపెలు, పాలకాఫీ రంగు మచ్చలు ఉండే న్యూరోఫైబ్రోమటోసిస్ వారిలో ఏ బుడిపె అయినా ఉన్నట్టుండి పెరిగినా, నొప్పి పెట్టినా వెంటనే చూపించాలి.

ఎక్కడికి వెళ్లాలి? ఖర్చెలా?

ఎక్స్‌రే, తొలి పరీక్షలు శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేయించుకోవచ్చు. అక్కడి నుంచి దగ్గరి పెద్ద కేంద్రం విశాఖపట్నమే. టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి గాజువాక దాటాక అగనంపూడిలో ఉంది. నగరంలో కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది. ఎక్కడికి వెళ్లినా అడగవలసిన ప్రశ్న ఒకటే: ‘ఎముకల సర్జను, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు, పాథాలజిస్టు కలిసి కూర్చుని ఈ కేసు చూస్తారా?’

అర్హత ఉన్న కుటుంబాలకు ఎన్టీఆర్ వైద్య సేవ కింద, పథకంలో చేరిన ఆసుపత్రుల్లో క్యాన్సర్ ఆపరేషను, కీమో, రేడియేషన్ అందుతాయి. వివరాలకు 104కు ఫోను చేయవచ్చు. రేషను కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి. రోగి పేరు రెండింటిలో వేరువేరుగా ఉంటే ముందే సరిచేయించండి, లేకపోతే కౌంటరు దగ్గర ఒక రోజు పోతుంది. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపరు, థర్డ్ ఏసీల్లో టికెట్ ఉచితం. తోడు వెళ్లేవారికి ఆ తరగతుల్లో 75 శాతం రాయితీ. ఆసుపత్రివారు సంతకం చేసిన ఫారం ఉండాలి.

నయమవుతుందా?

పాకకముందు దొరికి, చికిత్స పూర్తి చేసిన ఆస్టియోసార్కోమా రోగుల్లో 60 నుంచి 70 శాతం మంది ఐదేళ్లు దాటుతున్నారు. కీమో లేని రోజుల్లో, కాలు తీసేసినా, ఆ సంఖ్య 20 శాతం దరిదాపుల్లో ఉండేది. ఊపిరితిత్తులకు పాకాక దొరికితే అవకాశం బాగా తగ్గుతుంది, కానీ సున్నా కాదు. అక్కడ ఒకటో రెండో మచ్చలుంటే ఆపరేషనుతో తీసి నయం చేసిన సందర్భాలున్నాయి. మెత్తని భాగాల సార్కోమాలో గ్రేడును, సైజును బట్టి అంచనా మారుతుంది. కాబట్టి బంధువుల అనుభవంతో పోల్చుకోకుండా మీ రిపోర్టు చూసిన డాక్టరునే అడగండి.

చికిత్స అయిపోయాక కూడా రావాలా?

గ్రేడు ఎక్కువైతే మొదటి రెండు మూడేళ్లు మూడు నాలుగు నెలలకొకసారి, ఐదేళ్ల వరకు ఆరు నెలలకొకసారి, ఆ తర్వాత ఏడాదికొకసారి. ప్రతిసారీ ఆపరేషను చోటును, ఊపిరితిత్తులను చూస్తారు. చెన్నైకో హైదరాబాదుకో పనికి వలస వెళ్లేవారు ఫైలు ఇంట్లో వదిలి వెళ్లకుండా, బయాప్సీ రిపోర్టు, ఆపరేషను నోట్సు, ఎక్కించిన మందుల మొత్తం మోతాదు రాసిన కాగితం ఫోనులో ఫోటో తీసి ఉంచుకోవాలి. డాక్సోరుబిసిన్‌కు జీవితకాలం మొత్తానికి ఒక హద్దు ఉంటుంది. తర్వాత ఎప్పుడైనా మళ్లీ కీమో అవసరమైతే కొత్త డాక్టరు మొదట అడిగేది ఆ అంకెనే.